చల్లారిన నిప్పు మీద మన ఊళ్ళు



2025 నవంబరు 23న ఆఫ్రికాలోని ఇథియోపియాలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. వేల ఏళ్ళుగా నోరు మెదపని కొండ అది. దాని బూడిద ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా గాలిలో తేలుతూ మర్నాటి రాత్రికల్లా ఢిల్లీ ఆకాశానికి చేరింది. కొన్ని విమానాలు ఆగిపోయాయి. ఆ వార్త పేపర్లో వచ్చిన పొద్దున మదనపల్లెలో నేను రోజూ కూర్చునే టీ అంగడిలో దాని గురించే మాటలు. అంగడాయన గ్లాసు నా చేతికిస్తూ అడిగాడు: "అయివారూ, యాడనో ఆఫ్రికాలో పేలితేనే ఇంత గొడవైందే, మన హార్స్‌లీ కొండ పేలితే మన గతేంది?"

బడిలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పిల్లలను ఎప్పుడు కొండ మీదికి తీసుకుపోయినా ఒక్కడైనా అడిగేవాడు. జవాబు చిన్నదే. హార్స్‌లీ కొండ పేలదు, అది అగ్నిపర్వతం కాదు. కాని ఆ అంగడి ముందు మేమంతా కూర్చున్న అరుగు బండ ఉంది చూడండి, అది మాత్రం కరిగిన రాయి గడ్డకట్టగా పుట్టిందే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడూళ్ళూ ఎప్పుడో చల్లారిన నిప్పు మీద కాపురముంటున్నాయి. ఈ పూట ఆ కథ చెప్పుకుందాం.

ముందు అసలు కొండ నిప్పెందుకు కక్కుతుంది?

భూమి లోపలంతా నిప్పుల సముద్రమని, దానిమీద నేల పెంకులాగా తేలుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన కాళ్ళ కింద ముప్పై నలభై కిలోమీటర్ల దాకా గట్టి రాయి. దాని కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నదీ రాయే. వేడి వెయ్యి డిగ్రీలు దాటినా అది కరగదు. ఎందుకు కరగదంటే, పైనున్న రాతి బరువు దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది.

ఇది అర్థం కావాలంటే హార్స్‌లీ కొండ మీది టీ అంగడికే పోవాలి. ఆ కొండ ఎత్తు 1,265 మీటర్లు. సముద్రమట్టంలో నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరిగితే, కొండ మీద 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పైన గాలి ఒత్తిడి తక్కువ కనుక. కుక్కర్లో దీనికి తలకిందులు. మూత బిగించి ఒత్తిడి పెంచితే నీళ్ళు వంద దాటినా మరగవు. రాతి సంగతీ అంతే. ఒత్తిడి ఉన్నంత సేపు ఎంత కాలినా గట్టిగానే ఉంటుంది. వేడివేడి రాయి లోతులోంచి మెల్లగా పైకి జరిగి, పైనున్న బరువు తగ్గిందా, కొంత కొంతగా కరగడం మొదలుపెడుతుంది. భూమి పైపెంకు కొన్ని పెద్ద పలకలుగా పగిలి ఉంది. ఆ పలకలు ఒకదానికొకటి దూరం జరిగే చోట జరిగేది ఇదే. ఇథియోపియాలో నేల అలాగే చీలుతోంది. హేలీ గుబ్బి ఆ చీలిక మీదే ఉంది.

రెండో దారి నీళ్ళది. ఐస్‌క్రీం బండివాడు ఐసుగడ్డల్లో ఉప్పు వేయడం చూసే ఉంటారు. ఉప్పు తగిలితే ఐసు తొందరగా కరుగుతుంది. అలాగే నీళ్ళు చేరితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. సముద్రం అడుగున ఒక పలక ఇంకో పలక కిందికి దూరే చోట, తడిసిన రాయి లోతుకు పోయి, ఆ తడిని పైనున్న రాతికి పట్టిస్తుంది. ఇండోనేషియా, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాల అగ్నిపర్వతాలు ఇలా పుట్టినవే. అండమాన్ సముద్రంలో మన దేశానికున్న ఒక్కగానొక్క సజీవ అగ్నిపర్వతం బ్యారెన్ దీవి కూడా అంతే. అది 1787లో పేలినట్టు రాతలున్నాయి. తర్వాత చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది.

మూడో దారి, పలకల నడిమధ్యలో కూడా అడుగునుంచి వేడి రాయి ఊటలాగా పైకి తన్నుకురావడం. హవాయి దీవులకు మూలమదే.

కరిగిన రాయి చుట్టూ ఉన్న గట్టి రాతి కంటే తేలిక. అందుకే అది సందు వెతుక్కుంటూ పైకొస్తుంది. లోపలున్నంత సేపు దాన్ని మాగ్మా అంటాం, బయటపడ్డాక లావా. వేడి 700 డిగ్రీల నుంచి 1,200 డిగ్రీల దాకా ఉంటుంది.

మరి ఒక కొండ మెల్లగా పారితే, ఇంకోటి బాంబులా ఎందుకు పేలుతుంది? దీనికి మన వంటిల్లే పాఠం. చెరకు గానుగ దగ్గర బెల్లం పాకం కాగేటప్పుడు చూడండి. పల్చగా ఉన్నంత సేపు బుడగలు సులువుగా పైకొచ్చి చితికిపోతాయి, పాకం నెమ్మదిగా పొంగి పారుతుంది. ఇప్పుడు రాగి సంగటి తలుచుకోండి. బాగా చిక్కబడ్డాక ఆవిరికి దారి దొరకదు. లోపలే ఉబ్బి ఉబ్బి, చివరకు 'డుబుక్కు'మని ఎగిరి గెలికే చేతిమీద పడుతుంది. హవాయి లావా బెల్లం పాకం జాతి. ఇండోనేషియా కొండల మాగ్మా సంగటి జాతి. పైగా మాగ్మాలో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువులు కరిగి ఉంటాయి. గోలీసోడా గోలీ లోపలికి నొక్కగానే ఏమవుతుందో తెలుసు కదా? కొండ మూతి తెరుచుకున్నప్పుడూ అంతే, వాయువు ఒక్కసారిగా నురగలెత్తి రాతిని తునాతునకలు చేసి ఆకాశంలోకి విసురుతుంది. ఆ తునకల పొడినే మనం బూడిద అంటున్నాం. నిజానికది కట్టెల బూడిద లాంటిది కాదు. గాజుపొడి, రాతిపొడి. అందుకే విమానం ఇంజన్లకు, మనుషుల ఊపిరితిత్తులకు అంత ప్రమాదం.

ఇక మన ఊళ్ళకొద్దాం. అన్నీ కోట్ల ఏళ్ళ లెక్కలు కనుక ఒక కొలత పెట్టుకుందాం. కోటి ఏళ్ళను ఒక కిలోమీటరు అనుకుని, మదనపల్లె బస్టాండులో నిలబడి గతంలోకి నడుద్దాం. ఈ లెక్కన నూరేళ్ళంటే ఒక సెంటీమీటరు. మన తాతల కాలమంతా వేలి గోరు వెడల్పే. రాక్షసబల్లులు ఆరున్నర కిలోమీటర్ల దగ్గరే కనబడతాయి, అంటే ఊరి పొలిమేరలోనే. మరి మన హార్స్‌లీ కొండ రాయి పుట్టుక? 250 కిలోమీటర్లు నడవాలి. అంటే సుమారు 250 కోట్ల ఏళ్ళు.

ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే ఈ కొండ, కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ బంగళా కట్టుకోవడంతో ఆయన పేరున స్థిరపడింది. ఆ కొండ రాతిని దగ్గరగా చూడండి. తెల్లగా, గులాబీగా, నల్లగా పెద్ద పెద్ద పలుకులు కనిపిస్తాయి. మధ్యలో గాజులాంటి పలుగురాయి, మెరిసే అభ్రకం. పలుకులు అంత పెద్దగా ఉన్నాయంటే రాయి చాలా నిదానంగా చల్లారిందని అర్థం. చక్కెర పాకాన్ని కదిలించకుండా రోజుల తరబడి ఆరనిస్తే కలకండ కడుతుంది. తొందరగా చల్లారిస్తే సన్నటి పొడే. హార్స్‌లీ కొండ రాయి కలకండ లాంటిది. భూమిలో కిలోమీటర్ల లోతున, బయటి గాలి తగలకుండా, లక్షల ఏళ్ళపాటు మెల్లగా గడ్డకట్టింది. పైనున్న రాయంతా ఎండకు, వానకు, గాలికి అరిగిపోయి కొట్టుకుపోయాక ఇది బయటపడింది. అంటే నిప్పులోంచే పుట్టింది కాని, ఎప్పుడూ నిప్పు కక్కలేదు. రిషివ్యాలీ చుట్టూ ఒకదానిమీదొకటి పేర్చినట్టున్న గుండ్లు కూడా ఏ కొండో విసిరినవి కావు, ఏ భీముడో ఆడుకున్నవీ కావు. బీటలువారిన బండ మూలలు అరిగి అరిగి గుండ్రమైనవి.

ఇప్పుడు పుంగనూరు దారి పట్టండి. ఎర్రనేల, టమోటా తోటలు, మధ్యలో బోడి గుట్టలు. అక్కడక్కడా నల్లటి రాళ్ళ వరుస ఒకటి గోడ కట్టినట్టు పొలాలకు అడ్డంగా పోతుంటుంది. గుట్ట ఎక్కుతుంది, దిగుతుంది, చెరువుకట్ట దగ్గర మాయమై అవతల మళ్ళీ లేస్తుంది. దాన్ని ఎవరో కట్టారనుకునేరు. సుమారు 237 కోట్ల ఏళ్ళ కిందట ఈ నేలంతా బీటలువారింది. అడుగునుంచి కరిగిన రాయి ఆ బీటల్లోకి పొంగి, అక్కడే గడ్డకట్టింది. బెంగళూరు వైపు నుంచి మన సీమ దాకా వందల కిలోమీటర్ల మేర ఇలాంటి బీటలు పడ్డాయి. ఇవి అగ్నిపర్వతాల గొంతుకలని చెప్పొచ్చు. కొన్ని నేల మీదికి పొంగే ఉంటాయి. ఆ పైభాగం ఎప్పుడో అరిగిపోయింది, గొంతుకలు మిగిలాయి. శాస్త్రవేత్తలు ఈ రాతి గోడలను డైకులంటారు.

వ్యాపారంలో దీని పేరు బ్లాక్ గ్రానైట్. నిజానికిది గ్రానైట్ కాదు, డోలరైట్ అనే నల్లరాయి. సన్నటి సందులో తొందరగా చల్లారింది కనుక పలుకులు కంటికి ఆనవు. నునుపు పెడితే అద్దమవుతుంది. మీ వంటింటి గట్టు మీద పరిచిన నల్లబండ ఇలాంటి గొంతుకలో గడ్డకట్టిన ముక్కే కావచ్చు.

రైతుకు ఈ నల్ల గోడతో ఇంకో సంబంధం ఉంది. నేల కింద నీళ్ళు పల్లానికి జారుకుంటూ వస్తుంటే ఈ డైకు చాలాచోట్ల భూమిలో కట్టిన ఆనకట్టలాగా అడ్డుపడుతుంది. ఎగువన నీళ్ళు నిలుస్తాయి, దిగువన ఎండుతుంది. ఒకే చేలో గట్టుకు ఈ పక్క బోరులో నీళ్ళు పడి, ఆ పక్క వెయ్యి అడుగులు వేసినా దుమ్ము లేచిందంటే, దాన్ని తలరాత అనుకునే ముందు మధ్యలో నల్లరాయి ఉందేమో చూసుకోవాలి. బోరు వేయించే ముందు కొబ్బరికాయ తిప్పించడం కన్నా భూగర్భజల శాఖవాళ్ళనో, భూమిశాస్త్రం చదివినవాళ్ళనో పిలిపించి ఆ గోడ ఎటు పోతోందో అడగడం మంచిది.

ఇక కుప్పం. అసలు అగ్నిపర్వతం ఇక్కడుంది. ఉంది అనడం కన్నా ఉండేది అనాలి.

కుప్పంలో బెంగళూరు రైలెక్కితే గుడుపల్లె, బిసానత్తం స్టేషన్లు వస్తాయి. ఆ చుట్టుపక్కల నేల కింద ఉత్తర దక్షిణాలుగా ఒక నల్లటి రాతి పట్టీ పోతోంది. సుమారు 80 కిలోమీటర్ల పొడవు, వెడల్పు నాలుగైదు కిలోమీటర్లు. కోలారు బంగారు గనులు ఈ పట్టీ నడుమ ఉన్నాయి. దక్షిణపు కొస మన గుడుపల్లె మండలం మీదుగా తమిళనాడు వైపు సాగుతుంది. మన కొలతలో ఇది 270 కిలోమీటర్లు, అంటే సుమారు 270 కోట్ల ఏళ్ళ నాటిది. మదనపల్లె నుంచి తూర్పుగా అంత దూరం పోతే చెన్నై దాటి సముద్రంలో పడతాం. విచిత్రమేమంటే, ఆ కాలంలో ఈ పట్టీ ఉన్న చోటా సముద్రమే.

ఆ సంగతి ఎలా తెలిసింది? రాయే చెప్పింది. నీళ్ళలోపల లావా పొంగితే దాని పైపొర వెంటనే చల్లబడి గట్టిపడుతుంది. లోపలి లావా ఆ తోలును చీల్చుకుని ఇంకో ఉబ్బుగా బయటికొస్తుంది. అదీ గట్టిపడుతుంది. ఇలా దిండ్లు పేర్చినట్టు లావా గడ్డకడుతుంది. ఈనాటి సముద్రాల అడుగున కెమెరాలు దించి మనుషులు దీన్ని కళ్ళారా చూశారు. అచ్చం అలాంటి రాతి దిండ్లే కోలారు గనుల ఊరు కేజీఎఫ్ దగ్గర పెద్దపల్లిలో ఉన్నాయి. ఊరి పేరు తెలుగే, నేల కర్ణాటకది. అక్కడే అగ్నిపర్వతం పేలి విసిరిన రాళ్ళు, బూడిద కలిసి గట్టిపడిన రాయి కూడా ఉంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. సముద్రం పోయింది, కొండా పోయింది. నేలలోపలి వేడికి, నొక్కుడుకు ఆ లావా మడతలుపడి, రూపు మారి నల్లరాయైంది.

ఆ నల్లరాతి పగుళ్ళలో తర్వాతి కాలంలో వేడినీళ్ళు పారాయి. చుట్టూ ఉన్న రాతిలో ఇసుమంతగా చెల్లాచెదురుగా ఉన్న బంగారాన్ని కరిగించి తెచ్చి, పలుగురాతి చారల్లో పోగుచేశాయి. కోలారు బంగారం అలా వచ్చింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ పని మొదలుపెట్టింది. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. చిత్తూరు సీమ తెలుగువాళ్ళు, తమిళులు తరాలపాటు ఆ గనుల్లో చెమటోడ్చారు. ఆ అడుగున రాయే 60 డిగ్రీలకు పైగా కాగుతుండేది, చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు, మాగ్మా లేదు. భూమి లోతుకు పోయేకొద్దీ వేడెక్కుతుందనడానికి ఆ గని కూలీల ఒళ్ళే సాక్ష్యం.

మనవైపు చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా ఆ పట్టీలోవే. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డప్పుడు వాటి పనీ ఆగింది. తర్వాత వేలంలో ఆ బ్లాకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. ఆ మెడలో గొలుసు, ఈ చెవికి కమ్మ, ఇవన్నీ చచ్చిన అగ్నిపర్వతం ఆస్తి పంపకాలే మరి.

మదనపల్లె నుంచి రాయచోటి దాటి కడప వైపు పోతే కథ ఇంకాస్త దగ్గరి కాలానికి వస్తుంది. వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటి లావా పొరలున్నాయి. సున్నపురాతి పొరల మధ్యకు మాగ్మా చొరబడి వాటిని కాల్చిన చోట రాతినార పుట్టింది. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. అక్కడ బూడిద గట్టిపడిన పొరలు, ముగ్గురాయి పొరలు కలిసి ఉన్నాయి. అదీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకమే. మామూలు రాతి కంటే బరువైన ఈ రాయి పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. అడుగునుంచి తన్నుకొచ్చే గ్యాసును ఆ బురద బరువు అదిమి పడుతుంది. చూశారా, అగ్నిపర్వతాల కాలపు రాయే ఇప్పుడు పేలుళ్ళను ఆపుతోంది.

ఇంతదాకా చెప్పింది మన నేలలో పుట్టిన నిప్పు. పరాయి కొండల బూడిద కూడా మన నెత్తిన పడింది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్ళలో అంత పెద్ద పేలుడు లేదంటారు. ఇవాళ అక్కడ కొండ లేదు, వంద కిలోమీటర్ల పొడవున సరస్సు ఉంది. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటొచ్చి మన బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో మందపు పొరగా పడింది. ఊరి పేరు చూడండి ఎలా కలిసొచ్చిందో! అక్కడ మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ ఆచార్యుడు రవి కొరిసెట్టర్, వారి తోటివారు తవ్వకాలు జరిపారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పొర పైనా దొరికాయి. రెండూ ఒకే తీరువి. 2007లో ఆ సంగతి ప్రకటించారు. అంటే ఆకాశం కమ్మేసిన ఆ బూడిద వానలో ఇక్కడి మనుషులు తట్టుకుని నిలబడ్డారన్నమాట. మన కొలతలో ఆ రోజు ఏడు మీటర్ల దూరమే, ఆర్టీసీ బస్సు పొడవు కూడా లేదు. జ్వాలాపురం మీద పడిన బూడిద మదనపల్లెను వదిలిపెట్టి ఉంటుందా? ఇక్కడా రాలే ఉంటుంది. వానలు కడిగేశాయి.

1883 ఆగస్టు 27న ఇండోనేషియాలోనే క్రాకటోవా పేలింది. 36 వేల మంది చనిపోయారు, చాలామంది ఉప్పెనకే. ఆ శబ్దం దాదాపు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగి మోతలా వినపడింది. రెండు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు రెండో వారంలో, మద్రాసులోనూ దక్షిణాదిన ఇంకా పలుచోట్లా సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పే మిచీ స్మిత్ దాన్ని పరికరాలతో పరీక్షించి రాసి పెట్టాడు. తర్వాత కొడైకెనాల్ సౌర వేధశాలకు తొలి అధిపతి ఆయనే. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో, కుప్పం ఉత్తర ఆర్కాటులో, అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే. పొద్దున్నే ఎద్దులు తోలుకుపోతున్న మన ముత్తాత ఎవరైనా పచ్చటి సూర్యుణ్ణి చూసి ఏ కీడు మూడిందోనని దండం పెట్టుకునే ఉంటాడు. ఆ పచ్చదనానికి కారణం సముద్రాల అవతల పేలిన కొండ ధూళి అని ఆయనకెవరు చెప్పాలి?

చెప్పేవాళ్ళుండటం, చెప్తే వినేవాళ్ళుండటం ఎంత ముఖ్యమో రెండు ఉదాహరణలు చెబుతాను. 1985 నవంబరు 13న కొలంబియాలో నెవాడో డెల్ రూయిస్ కొండ పేలింది. పేలుడు పెద్దదేమీ కాదు. కొండ మీది మంచు కరిగి బురద వరదై ఆర్మెరో పట్టణం మీద పడింది. సుమారు 23 వేల మంది ఆ బురదలోనే పోయారు. ప్రమాదం ఎక్కడెక్కడుందో చూపే పటం శాస్త్రవేత్తలు ముందే గీసి ఇచ్చారు. ఊరు మాత్రం ఖాళీ కాలేదు. ఆరేళ్ళ తర్వాత 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలింది. ఇది అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. దాని గంధకపు పొగ భూగోళాన్నే ఏడాదిపాటు అర డిగ్రీ చల్లబరిచింది. కాని అక్కడ నేల అదురును, కొండ ఊపిరిని వారాల తరబడి కొలిచి హెచ్చరించారు. జనం విన్నారు, వేలాదిమంది ముందే కదిలారు. అందుకే ప్రాణాలు దక్కాయి.

అంత ప్రమాదమైతే జనం అగ్నిపర్వతాల దగ్గరే ఎందుకుంటారని అడగొచ్చు. లోకంలో 80 కోట్లకు పైగా మనుషులు ఏదో ఒక అగ్నిపర్వతానికి వంద కిలోమీటర్ల లోపే ఉన్నారు. నేల వాళ్ళను పట్టి ఉంచుతోంది. లావా, బూడిద చివికితే పైరుకు కావలసిన సత్తువ నేలకు దొరుకుతుంది. మన దగ్గరే చూడండి. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమి మీద లావా పొరలు పొరలుగా పారింది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పత్తి పండే నల్లరేగడి చాలామటుకు ఆ లావా చివికిందే. అదే లావా గోదావరి పల్లాల వెంట పారి రాజమండ్రి పక్కన కాతేరు, పంగిడిల దాకా వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మన మదనపల్లె ఎర్రనేల గ్రానైటు జాతి రాయి చివికింది. అందుకే నీళ్ళు నిలవక ఇంకిపోతాయి. టమోటాకు ఆ గుణం కలిసొచ్చింది, చెరువు నింపుకోవాలన్నప్పుడు అదే గుణం పగబట్టింది.

తెలుగువాళ్ళు లావా మీద సేద్యం చేసిన ఇంకో చోటు మారిషస్. ఆ దీవి మొత్తం అగ్నిపర్వతం కట్టిందే. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిపోయిన మనవాళ్ళు, మిగతా భారతీయ కూలీలతో కలిసి, చెరకు వేయడానికి ఆ నేలలోని నల్లరాళ్ళను చేతులతో ఏరి కుప్పలు పోశారు. ఆ కుప్పలు ఇప్పటికీ చెరకు తోటల నడుమ కనిపిస్తాయి. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఉగాది చేసుకుంటున్నారు.

మళ్ళీ మన టీ అంగడి ప్రశ్నకొద్దాం. మనం ఉన్నది పలక అంచున కాదు, లోపలికి. కింద నీళ్ళు తాగిన పలక లేదు, నేల చీలిక లేదు, పైకి తన్నుకొచ్చే వేడి ఊట లేదు. ఈ నేల గట్టిపడి 200 కోట్ల ఏళ్ళు దాటింది. కాబట్టి మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో అగ్నిపర్వతం పేలుతుందని ఫోన్లో ఎవరైనా వీడియో పంపితే నమ్మకండి, ఇంకొకరికి పంపకండి. పెద్ద వానలు పడి చెరువులు అలుగు పారిన ఏడాది కొన్ని ఊళ్ళలో భూమిలోంచి గుడగుడ శబ్దాలు రావడం, గిన్నెలు కదలడం జరగొచ్చు. నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి ఒత్తిడి మారినప్పుడు చిన్న చిన్న అదుర్లు పుట్టడం తెలిసిన విషయమే. అలాంటప్పుడు బీటలిచ్చిన పాత మిద్దెల్లో పడుకోకుండా, తహసీల్దారు ఆఫీసుకు కబురు చేస్తే సరిపోతుంది.

నాకు కొండ పేలుతుందన్న భయం లేదు. కొండ మిగలదేమోనన్న దిగులుంది. బతుకుతెరువుకు క్వారీ కావాలి, ఇంటికి బండ కావాలి, కాదనను. కాని చెట్టు నరికితే మొలుస్తుంది, చెరువు ఎండితే నిండుతుంది. తవ్వేసిన గుట్ట మళ్ళీ లేవదు. దాన్ని చేసిన పొయ్యి ఆరిపోయి 200 కోట్ల ఏళ్ళు దాటింది. అందుకని లైసెన్సు లేని తవ్వకం మీ ఊరి పొలిమేరలో కనిపిస్తే ఊరకుండకండి. నల్లరాతి గట్టు మీ చేలో ఉంటే దానికి ఎగువన ఒక కుంట తవ్వుకోండి, దాని ఆనకట్ట గుణాన్ని వాడుకోండి. ఇక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. అగ్నిపర్వతం పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకోకండి. కుప్పం పిల్లలకు పెద్దపల్లి ఒక పూట ప్రయాణం. పుంగనూరు పిల్లలకు నల్లరాతి గోడ ఊరవతలే ఉంటుంది. మదనపల్లె పిల్లలకు కొండ కిటికీలోంచే కనబడుతుంది. తీసుకుపోయి, ఆ రాయి మీద వాళ్ళ చెయ్యి పెట్టించండి.